లెక్కకు రానివాటికి పిడికిలి

మొన్న శుక్రవారం పొద్దున, జనగామలో నేను పనిచేసే ల్యాబ్‌లో రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తుంటే నా చిన్ననాటి దోస్తు ఫోన్ చేసింది. "సార్ చనిపోయిండు. భూపాలపల్లిల, బిడ్డ ఇంట్లనే," అంది. ఏ సార్ అని నేను అడగలేదు. కొత్తగూడ బడిలో మాకు చాలామంది పాఠాలు చెప్పారు. కానీ మేమిద్దరం ఉత్తగా సార్ అంటే అది మా ఇంగ్లిష్ సారే.

ఎనిమిదో తరగతిలో ఆయన గొంతు రోడ్డు దాకా వినిపించేది. మేం పోడు చేసుకునేవాళ్ల పిల్లలం. ఇంగ్లిష్ అంటే వణుకు. ఒకరోజు ఆయన లోటాలో పాలు తెచ్చి బల్ల మీద పెట్టి, అవేమిటో ఇంగ్లిష్‌లో చెప్పమన్నారు. నేను లేచి "దీజ్ ఆర్ మిల్క్" అన్నాను. ముందు బెంచీ నవ్వింది. సార్ నవ్వలేదు.

"ఎందుకట్ల అన్నవ్ బిడ్డా?"

"గివి పాలు కద సార్. పాలు పొంగినయి అంటం, పొంగింది అనం కద."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇన్నరా? గీ పిల్ల తెలుగు మంచిగున్నది, అందుకే దీజ్ అన్నది. మన తాన పాలు, నీళ్లు మందిలెక్క వస్తయి. ఇంగ్లీషుల ఒక్కదాని లెక్కనే వస్తయి. లెక్కవెట్టరానిదానికి దిస్, దట్. లెక్కవెట్టేటియి ఒకటికంటె ఎక్కువుంటెనే దీజ్, దోజ్."

తప్పు చెప్పినందుకు మెచ్చుకోలు దొరకడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆయన క్లాసులో నేను నోరు మూసుకుని కూర్చోలేదు.

తొమ్మిదో తరగతి దసరా సెలవుల తర్వాత సార్ బడికి రాలేదు. గొంతులో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. నాలుగు నెలలకు తిరిగొచ్చినప్పుడు ఆయన మెడ కింద చిన్న రంధ్రం ఉంది. ఊపిరి దాంట్లోంచే. నోరు తెరిస్తే పెదవులు కదిలేవి, అంతే. సుద్దపొడి ఆ రంధ్రంలోకి పోతే దగ్గు ఆగేది కాదు, అందుకని బోర్డు మీద రాయడం కూడా కుదరదు. "మాట రాని మనిషి ఇంగ్లీషెట్ల చెప్తడు?" అని ఊళ్లో కొందరు పై ఆఫీసుకు అర్జీ పెట్టారు. వాళ్లను తప్పుపట్టలేను. పిల్లల చదువు భయం వాళ్లది.

సార్ చేతులతో చెప్పడం మొదలుపెట్టారు. దగ్గరి వస్తువును చూపితే దిస్, కిటికీ అవతలిదాన్ని చూపితే దట్. అవి లెక్కపెట్టగలిగేవై ఒకటి కంటే ఎక్కువుంటే ఐదు వేళ్లూ విప్పేవారు, అప్పుడు దీజ్, దోజ్. లెక్కకు రానిదైతే పిడికిలి బిగించేవారు. ఇప్పపూలు తెచ్చి చూపితే ఐదు వేళ్లు. ఇప్పనూనె సీసా ఎత్తితే పిడికిలి. వాన పడితే బయటికి చూపి పిడికిలి. మాట మేం చెప్పాలి. తప్పు చెప్తే ఆయన కనుబొమ్మలు ముడిపడేవి, సరిగ్గా చెప్తే మళ్లీ ఆ వెలుగే. కొన్నాళ్లకు మేమూ వేళ్లు, పిడికిళ్లు ఎత్తుతూనే మాట్లాడేవాళ్లం.

అర్జీ మీద ఒక అధికారి వచ్చారు. వెనక బెంచీలో కూర్చుని అరగంట చూశారు. ముఖంలో ఏ భావమూ లేదు. తర్వాత లేచి, మా పెద్దసార్‌ను హాజరు వివరాలు అడుగుతూ "గివ్ మీ దీజ్ ఇన్ఫర్మేషన్స్" అన్నారు.

ఆ మాట వచ్చీరాగానే నలభై పిడికిళ్లు లేచాయి. ఎవరూ చెప్పలేదు, అలవాటు. సార్ ముఖం పాలిపోయింది. దించండి దించండి అని సైగ చేశారు.

"ఏమిటిది?" అధికారి నన్నే చూస్తున్నారు.

లేచి నిలబడ్డాను. "ఇన్ఫర్మేషన్ లెక్కకు రాదు సార్. దిస్ ఇన్ఫర్మేషన్ అనాలె. ఎనక ఎస్ గూడ రాదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా సారే."

"ఆయనకు మాట రాదు కదమ్మా."

"రాదు సార్. అయినా చెప్పిండు."

అధికారి బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్లి మా సార్ రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇరవై ఏండ్ల సంది అట్లనే రాస్తున్న సార్. నాకెవ్వరు చెప్పలే," అన్నారు. అర్జీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రిటైరయ్యేదాకా సార్ మా బడిలోనే ఉన్నారు. దవాఖాన నుంచి వచ్చాక మేం బడి వదిలేదాకా ఆయన మాతో ఒక్క మాట కూడా అనలేదు. నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో సగం అప్పుడు నేర్చుకున్నదే.

నేను భూపాలపల్లి చేరేసరికి అంతా అయిపోయింది. గని కార్మికుల క్వార్టర్లలో, ఆయన పడుకునే గదిలో, సార్ భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మేం ఆమెను అమ్మ అనే పిలిచేవాళ్లం. విపరీతమైన ఉక్క. కూతురు వచ్చి ఫ్యాన్ వేసింది.

"బంద్ చెయ్ బిడ్డా," అన్నారు అమ్మ.

తర్వాత నా వైపు తిరిగి చెప్పారు. "ఫ్యాన్ ఏస్తె సార్ ఊపిరి ఇనరాదు. మెడకాడ గాలి సుయ్యి సుయ్యిమంటుంటెనే నాకు నిద్ర పట్టేది. గిన్నేండ్లు ఎండకాలం గూడ ఏసుకోలే."

కూతురు స్విచ్ ఆపింది. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. ముగ్గురం ఆ ఉక్కలో అలాగే కూర్చున్నాం. అమ్మ ఖాళీ మంచం వైపు తల కొంచెం వంచి, చెవి పెట్టి వింటున్నారు.