బఠానీ గింజంత కొవ్వు

మా మేనత్త పోయింది. కోదాడలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే మిర్యాలగూడ నుంచి నాన్న ఫోన్ చేశాడు. “చెల్లె ఇగ లేదు బిడ్డా” అన్నాడు. ఆ వెంటనే, “డబ్బల నెయ్యి గట్లనే ఉన్నది” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో మీకు తెలియాలంటే అత్త చేసిన పని గురించి చెప్పాలి.

అత్త శాస్త్రవేత్త. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో జీవితమంతా కొవ్వు మీద పరిశోధన చేసింది. పెళ్లిళ్లలో చుట్టాలు నడుము చూపించి, “మా దగ్గర మస్తుంది, కొంటవోతవా?” అని ఆటపట్టించేవాళ్లు. అత్త కూడా నవ్వేది. మా నాయనమ్మ కట్టెపుల్లలా ఉండేది. అయినా షుగర్ వచ్చి, కాలు కుళ్లి, ఆ కాలు తీసేసినా బతకలేదు. బక్కమనిషికి ఈ రోగం ఎందుకొచ్చిందన్న ప్రశ్న అత్తను ఇక వదల్లేదు.

నాకు అర్థమయ్యేలా చెప్పమంటే ఇట్లా చెప్పింది. “వడ్లు దాసే గరిసె పెద్దగుంటే ఇల్లు మంచిగుంటది. గరిసె సిన్నదైతే వంటింట్ల, మంచం కింద పోస్తం. బక్కోళ్ల ఒంట్ల గట్లనే అయితది. దాసుకునే జాగ సాలక కొవ్వు కార్జంల పడ్తది, గప్పుడు షుగరొస్తది. కొవ్వును తిట్టకు కోడలా, అది ఆకలి రోజుకు దాసిన బువ్వ.”

సూర్యాపేటలో ఆమెకు తెలిసిన సర్జన్ ఉండేవాడు. పొట్ట ఆపరేషన్లున్న రోజు ఐస్ డబ్బాతో బస్సు దిగేది. కాగితం మీద సంతకం ఎట్లాగూ తీసుకుంటారు, ఆమెకు అది చాలదు. రోగి మంచం పక్కన కూర్చుని, అరచేతిలో బఠానీ గింజ పెట్టి చూపించేది. “గింతంత కొవ్వు ఇస్తవా అమ్మా? రేపు ఎవరికన్న అక్కరకొస్తది.” నేను వెంట వెళ్లిన రోజు కోదాడ పెద్దావిడ ఒకామె గింజను తిప్పి చూసి, “మరీ ఇంతేనా మేడమ్? ఇంకాస్త తీసుకోండి, మొహమాటపడకండి” అంది. భయంతో బిగుసుకుపోయిన వార్డంతా నవ్వింది. ఎవరైనా వద్దంటే అత్త దండం పెట్టి లేచేది, రెండోసారి అడిగేది కాదు.

పోయిన ఏడాది ఆమెకే క్యాన్సర్ వచ్చింది. ఐస్ డబ్బాతో సహా మిర్యాలగూడకు, అన్న దగ్గరికి వచ్చేసింది. ఆ రోగంలో మనిషి తింటున్నా కొవ్వు ఎందుకు కరిగిపోతుందో ఆమె ల్యాబ్‌లోనే వెతుకుతున్నారు. తన కొవ్వు ముక్క కూడా అందులో చేరాలని అత్త కోరిక. “ఇన్నేండ్లు అందర్ని అడిగిన. నా వంతు నేనియ్యకపోతే ఎట్లనే?” సర్జన్ సరేనన్నాడు. నాన్నే ఒప్పుకోలేదు.

“ఉన్నదే బొక్కల గూడు. దాన్ని కోయిస్తనా? జర ఒళ్లు చెయ్యి, గప్పుడిద్దువు.”

హాలియా నుంచి బర్రె నెయ్యి డబ్బా తెప్పించాడు. పూటపూటకూ అన్నంలో పోసి, తానే ముద్దలు కలిపి పెట్టేవాడు. ఒళ్లు రాదని అత్తకు తెలుసు. అయినా అన్న మొహం చూసి ఇంకో ముద్ద మింగేది. ఆదివారాలు పోయినప్పుడల్లా ఇద్దరి మీదా నాకు చెప్పలేనంత కోపం వచ్చేది. ఒకరోజు తన జబ్బ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూపించింది. “సూడు కోడలా, గీడ కొవ్వు ఖతం. పుస్తకాలల్ల ఉన్నట్టే అయితాంది.” నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

చివరికి నాన్న దిగొచ్చి, కారు మాట్లాడి సూర్యాపేట తీసుకుపోయాడు. సర్జన్ అత్త పొట్ట మీద చేయి వేసి చాలాసేపు తడిమి చూశాడు. దుప్పటి మళ్లీ కప్పి, “ఇప్పుడు కోస్తే పుండు మానదు మేడమ్. తియ్యడానికి కూడా ఏం లేదు” అన్నాడు.

“బఠానీ గింజంత సుత లేదా?” అని అడిగింది అత్త.

నాన్న ఐస్ డబ్బా తీసుకుని బయటికి పోయి, అందులోని నీళ్లు పారబోసి వచ్చాడు. ఆ తర్వాత ఆమె ముద్ద ముట్టలేదు.

చితి మీద కొంచెం నెయ్యి చల్లితే చాలన్నారు. నాన్న వినలేదు. ఆ హాలియా డబ్బా తెచ్చి పాదాల నుంచి మొదలుపెట్టి ఒంటి నిండా పోశాడు. “ఇప్పుడన్న ఒంటికి పట్టనియ్యి చెల్లె” అన్నాడు. డబ్బా ఖాళీ అయింది. అయినా దాన్ని ఆమె ఎండిన చేతి మీద బోర్లించి పట్టుకుని, అంచున ఆగిన చుక్క పడేదాకా అక్కడే నిలబడ్డాడు.