ఖాళీ డ్రమ్ములు

1994 ఎండాకాలంలో నన్ను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక పనికి డెప్యుటేషన్ మీద వేశారు. హోదా ఉప ఇంజనీరు. కొత్త ఫ్యాక్టరీలు వరసగా వస్తున్న రోజులవి. ఎక్కడి నుంచి ఏ చెత్త వస్తోంది, ఎటు పోతోంది అని తెలుసుకొని, తాలూకాలన్నిటికీ కలిపి ఏది పూడ్చాలో, ఏది తిరిగి వాడుకోవచ్చో నిర్ణయించడం మా పని.

ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఖాళీ డ్రమ్ముల సంగతి అడిగితే, పాతసామాను వ్యాపారికి అమ్మేస్తున్నామని మేనేజరు చెప్పాడు. తిరిగి వాడకంలోకి వెళ్లే వస్తువును మేం వ్యర్థం కింద రాయం. 'వ్యర్థం లేదు' అని రాసి సంతకం పెట్టాను. మిగతా ఫ్యాక్టరీలకు దాన్నే ఉదాహరణగా చూపాను కూడా.

రెండు వారాల తర్వాత పూడ్చే స్థలాలు చూస్తూ విరూర్ దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. అందరూ తెలుగు రైతులే. ఎండకు తాళలేక ఒక ఇంటి ముందు ఆగితే, రాజవ్వ అనే ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగేశాను. ఇంకో చెంబు ముంచడానికి ఆమె వెళ్లిన చోట నీలం డ్రమ్ము ఉంది. గీకినా పోని పుర్రె గుర్తు, దాని కింద ఆ ఫ్యాక్టరీ పేరు.

డ్రమ్ము ఎక్కడిదని అడిగాను.

"రాజురా బజార్ల కొన్నం సాబ్. సబ్బు పెట్టి మంచిగ కడిగినం, వాసన సుత పోయింది. మా వాడకట్టుల అందరికీ గివే ఉన్నయి."

లోపల మంచం మీద ఆమె కూతురు పడుకొని ఉంది. నెల నుంచి వాంతులట. ఎండదెబ్బ అనుకుంటున్నారు.

నేను ఏమీ చెప్పకుండానే డ్రమ్మును ఒరగదోశాను. నీళ్లన్నీ వాకిట్లో పారాయి.

"ఏం జేస్తున్నవ్ సాబ్! పొద్దుగాల సంది బోరింగు కాడ నిలబడి తెచ్చిన నీళ్లు!" అని రాజవ్వ అరిచింది.

అంతకుముందు అందులో విషపు రసాయనం ఉండేదని చెప్పాను. ఆమె లోపలి మంచం వైపు చూసింది. "గీ ముచ్చట అమ్మినోళ్లకు తెల్వదా?" అంది.

వాళ్లకు తెలుసన్నాను. నాకూ తెలిసి ఉండాల్సిందన్న మాట మాత్రం పైకి రాలేదు.

పిల్లను మా జీపులోనే ఆసుపత్రికి పంపాను. తహసీల్దారును కలిసి ట్రాక్టరు మీద మట్టి కుండలు తెప్పించి, ఇంటింటి డ్రమ్మూ వెనక్కి తీసుకున్నాం. కొన్ని వారాలకు ఆ పిల్ల వాంతులు ఆగాయి. కారణం ఆ డ్రమ్మేనని డాక్టరు రాసివ్వలేదు.

సంతకం పెట్టిన కాగితం వెనక్కి తీసుకొని, ఫ్యాక్టరీలు అమ్మిన ప్రతి సరుకూ చివరికి ఎవరింటికి చేరుతోందో చూసి రావడం మొదలుపెట్టాను. ప్రణాళిక నెలల తరబడి ఆలస్యమైంది. పనిలో జాప్యమని పై అధికారి నా వార్షిక నివేదికలో రాశాడు. అది నిజమే. కానీ ఫ్యాక్టరీ గేటు దాటినంత మాత్రాన వ్యర్థం తీరిపోయినట్టు కాదు. వాడేవాళ్ల ఇల్లు చూడకుండా దాన్ని లెక్కలోంచి తీసేసే హక్కు ఇంజనీరుకు లేదు.