బ్రేకు పట్టకుండా చెరువులోకి

సైకిలు తొక్కుతూ మనిషి ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో అన్ని రకాలుగానూ నేను పోగొట్టుకున్నాను. కంపముళ్ళ మీద పడ్డాను, గొర్రెల మందలో పడ్డాను, ఒకసారి పెళ్ళి భోజనాల బంతి మధ్యలోకి కూడా దూసుకుపోయాను. అవన్నీ చిన్నవి. ఇప్పుడు చెప్పబోయేది అసలైనది. ఎన్నో ఏళ్ళకు చెరువు నిండిన ఊరికి పోయి, "ఈ నీళ్ళు ఈడ ఎవురు పెట్టినారు?" అని ఊరందరి మీదా అరిచిన ఘనుణ్ణి నేను. అనంతపురం నేలలో నీళ్ళను తిట్టి ప్రాణాలతో బయటపడ్డవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. నవ్వండి, పర్వాలేదు. చివరిదాకా నవ్వుతారో లేదో మీ ఇష్టం.

ముందు మస్తాను గురించి చెప్పాలి. మస్తాను రాయదుర్గంలో బస్సు డ్రైవరు. నేను అదే ఊళ్ళో కాలేజీలో చరిత్ర లెక్చరర్ని. నా పొట్ట చూసి భయపడిన డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. తొక్కమంటే ఊరుకుంటానా? పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, గులకరాళ్ళలో కూడా జారని లావు టైర్లు ఉన్న సైకిలును బెంగుళూరు నుంచి తెప్పించాను. దానికి తోడుగా హెల్మెట్టు, ఒంటికి అతుక్కునే నిమ్మపండు రంగు బనీను, నలుగురిలో వర్ణించడానికి వీల్లేని నిక్కరు. మొదటి ఆదివారం మా వీధి కుక్క నన్ను గుర్తుపట్టక ఊరి బయటిదాకా తరిమింది. అక్కడే మస్తాను కనిపించాడు. పాత సైకిలు మీద, లుంగీ పైకి ఎగగట్టి, నన్ను దాటిపోతున్నాడు.

"ఏం సార్, గాలి తక్కువుందా?" అన్నాడు.

"టైర్లలో గాలి సరిగానే ఉండాది," అన్నాను రొప్పుతూ.

"టైర్ల గురించి కాదు సార్, మీ గురించే అడుగుతాండా."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. అతని షరతు ఒక్కటే, దారిలో మోటారు బండి కనబడకూడదు. "వారమంతా లారీలకూ ఆటోలకూ హారను కొట్టి కొట్టి చెవులు పోయినాయి సార్. ఆదివారం గొర్రెల గంటలు తప్ప ఏమీ వినపడకూడదు నాకు," అనేవాడు. గుమ్మఘట్ట వైపు గుట్టల్లో జనం మరిచిపోయిన బండిదారులన్నీ అతనికి తెలుసు. ఆ దారిలో ఒక్కో ఊరికీ ఒక పాత కోటగోడో, సగం కూలిన బురుజో ఉండేది. బురుజు కనబడగానే నేను సైకిలు ఆపి పాలెగాళ్ళ పాఠం మొదలుపెట్టేవాణ్ణి. చరిత్ర మీద ప్రేమతో కాదు, ఊపిరి తీసుకోవడానికి. అతను అంతా ఓపికగా విని, "ఈ బురుజు మీద మా అమ్మ మిరపకాయలు ఎండబోస్తాండె సార్," అని పాఠం ముగించేవాడు.

ఆ బురుజు అతని సొంత ఊరు నల్లబురుజులోది. మా దారికి అదే చివర. రోడ్డు చెరువుకట్ట మీదుగా చుట్టి ఊళ్ళోకి పోతుంది. మేం మాత్రం గుట్ట మీద నుంచి తిన్నగా చెరువులోకి దిగి, అడ్డంగా దాటేవాళ్ళం. చెరువులోకి అంటే కంగారు పడకండి. రాయల కాలంలో కట్టినదే గానీ, పేరుకే చెరువు. లోపలంతా గులకరాళ్ళు, కంపచెట్లు, మేకలు. ఆ వాలంటే మస్తానుకు ప్రాణం. దాని మీద ఎన్నడూ బ్రేకు పట్టేవాడు కాదు. వారమంతా బ్రేకు తొక్కేవాడికి ఆదివారం సెలవు ఉండొద్దా అనేవాడు. నాకూ అదే నేర్పాడు. చెరువు నడుమ ఒక రాతిస్తంభం ఉంది. దాని కింద కూర్చుని రొట్టెలు తినేవాళ్ళం.

"ఈ స్తంభం మునిగితే చెరువు నిండినట్టు లెక్క సార్. నా చిన్నప్పుడు ఒకేసారి చూసినా. మా నాయన భుజాన ఎత్తుకొని చూపిచ్చినాడు."

"మళ్ళా నిండుతాదంటావా?"

"నిండుతాది. నిండిన దినం అందరికంటే ముందు దూకేది నేనే. బట్టలు కూడా ఇప్పను. చూస్తాండండి."

చెరువు కింద వాళ్ళకు పొలం ఉంది. నీళ్ళు లేకే అతను స్టీరింగు పట్టుకున్నాడు. వాళ్ళ నాయన ఖాసీంసాబు మాత్రం ఊరు వదల్లేదు. నాలుగు చినుకులు పడితే చాలు, పోయి స్తంభం చూసి వచ్చేవాడట.

చెరువు నిండిన రోజును మస్తాను చూడలేదు. వాన కోసం అందరూ ఆకాశం చూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం, బస్సును రోడ్డు పక్కకు తీసి, హ్యాండు బ్రేకు వేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. మళ్ళీ ఎత్తలేదు. బస్సులో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

నేను నా సైకిలును గోడకు ఆనించి దుప్పటి కప్పేశాను. ఆ గుట్టల వైపు చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత వానలు దంచికొట్టాయి. నేను కిటికీలు మూసుకుని పడుకున్నాను. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి, అవసరం వస్తుంది.

మస్తాను పోయిన నలభయ్యో దినం దగ్గర పడ్డాక అతని భార్య రమీజా నల్లబురుజు నుంచి ఫోను చేసింది.

"అన్నా, ఆయన సమాధి మీదికి పూల చాదరు మీరే తేవల్ల. ఈ పల్లెలో పూలు దొరకవు. మధ్యాహ్నం నమాజు అయినాక అందరూ ఆడికి పోతారు."

"తెస్తానమ్మా. ఈ మాత్రం చెయ్యకపోతే నేనెందుకు?"

"బస్సుకు రాండి అన్నా. చెరువు..."

"నాకు దారి చెప్తావా తల్లీ? మస్తాను చూపిచ్చిన దారి ఉండాది, సైకిల్లోనే వస్తా," అని ఫోను పెట్టేశాను.

లెక్చరర్లకు ఉన్న జబ్బే ఇది. గంట కొట్టేదాకా మేమే మాట్లాడతాం. ఎదుటివాడు నోరు తెరిస్తే అటెండెన్సు పలకడానికే అనుకుంటాం.

ఆ ఉదయం మల్లెలూ గులాబీలూ వలలా అల్లించిన చాదరును తడి అరిటాకుల్లో చుట్టించి, గుడ్డసంచిలో పెట్టి హ్యాండిలుకు కట్టుకున్నాను. పూలంగడాయన, "నల్లబురుజుకా సార్? ఆడ చెరువు..." అన్నాడు. "తెలుసు, రాయల కాలం నాటిది," అని పెడలు తొక్కాను.

గుట్ట మీద ఒక గొర్రెలకాపరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికప్పా?"

"నల్లబురుజుకు."

"ఇట్లనా? కట్ట మీద పో అప్పా. ముందర..."

"టైము లేదు పెద్దాయనా," అని గంట కొట్టి దాటిపోయాను. వెనకనుంచి ఏదో గట్టిగా అరిచాడు. ఆశీర్వాదం అనుకుని చెయ్యి ఊపాను.

వాలు వచ్చింది. మస్తాను పక్కన లేకుండా అది దిగడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు, ఎదురుగా ఎండ. అతని మీది ప్రేమకొద్దీ బ్రేకు ముట్టుకోలేదు. కొత్తనీళ్ళు ఎర్రమట్టి రంగులోనే ఉంటాయని చరిత్ర పుస్తకాల్లో రాయరు. ఆ చెరువు నాకు ఎప్పటిలాగే నేలలా కనిపించింది.

ముందు చక్రం తడిసింది, తర్వాత నేను మునిగాను. నిలబడితే నడుము లోతే. కానీ నేను నిలబడి దిగలేదు కదా. బురద మింగి, తల పైకెత్తేసరికి సంచి తెరుచుకుంది, అరిటాకులు విచ్చుకున్నాయి. పూల చాదరు నీళ్ళ మీద నిండుగా పరుచుకుని, తీరిగ్గా లోతుకు సాగిపోతోంది.

సరిగ్గా అదే సమయానికి పక్కన మరవ దగ్గర, అంటే నిండిన నీళ్ళు పొర్లిపోయే రాతిగట్టు దగ్గర, ఊరి ఆడవాళ్ళంతా చీర, గాజులు, పసుపు కుంకుమ పట్టుకుని గంగమ్మకు సారె పెడుతున్నారు.

"ఎవరో పెద్ద మొక్కే చెల్లిస్తాండాడు," అంది తట్ట పట్టుకున్న ఒక పెద్దామె. పేరు తిమ్మక్క అని తర్వాత తెలిసింది.

అప్పుడైనా నోరు మూసుకుంటే గొప్ప భక్తుడిగా మిగిలిపోయేవాణ్ణి. మూసుకోలేదు.

"ఈ నీళ్ళు ఈడ ఎవురు పెట్టినారు?" అని అరిచాను. "ఈడ దారి ఉండల్ల. చెప్పాపెట్టకుండా నీళ్ళు నింపేస్తే ఎట్లా?"

తప్పెట ఆగిపోయింది.

"ఏమంటివప్పా?" అంది తిమ్మక్క.

"పాడు నీళ్ళు. అంతా నాశనం చేసినాయి," అని అక్కడే ఏడుపు మొదలుపెట్టాను.

"నా బిడ్డలు పుట్టినాక చెరువు నిండింది ఇదే మొదులు. మేము సారె పెడతాంటే నువ్వు శోకాలు పెడతాండావా? బయటికి రా, చెప్తా." తట్ట కింద పెట్టి చెప్పు చేతికి తీసుకుంది.

"నేను రాను," అన్నాను. జీవితంలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటి. "నా పూలు పోతాండాయక్కా. మస్తాను సమాధికి తెచ్చిన పూలు."

"యా మస్తాను?"

"బస్సు మస్తాను."

ఆమె చెప్పు కింద పడేసింది. "ఆ మాట ముందే చెప్పకూడదా నాయనా. నేను మూట నెత్తిన పెట్టుకొని పరిగెత్తి వస్తాంటే, యాడున్నా బస్సు నిలుపుతాండె ఆయప్ప," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇద్దరు మగవాళ్ళను కేకేసి నీళ్ళలోకి దించింది. వాళ్ళు సైకిలును లాగారు, చాదరు వెనక ఈదారు. పూలన్నీ విడిపోయి, చేతికి దారాలు మాత్రమే వచ్చాయి. నమాజు వేళ అప్పటికే దాటుతోంది. నేను కట్ట మీద పడి పరుగెత్తాను.

సమాధులు ఊరవతల బురుజు నీడలో ఉన్నాయి. అందరూ వచ్చి నిలబడి ఉన్నారు. నేను నిమ్మపండు రంగు బనీనులో, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, బూట్లలోంచి పచపచమని చప్పుడు చేస్తూ, ఉత్త చేతులతో వచ్చాను.

"పూలు తెచ్చినారా సార్?" అన్నాడు ఖాసీంసాబు.

"తెచ్చినా తాతా. చెరువులో పోయినాయి."

"యా చెరువులో?"

"మన చెరువులోనే. దారి అనుకొని దిగినా. రమీజా నన్ను అడిగింది ఈ ఒక్కటే. అది కూడా చెయ్యలేకపోయినా." సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

ముసలాయన దగ్గరికి వచ్చి నా బనీను చేతిని పట్టుకున్నాడు. తడిసిన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్ది చూసుకున్నాడు.

"స్తంభం మునిగిందా సార్?"

"మునిగింది తాతా. మీరు చూడలేదా?"

"పోలేదు. అందరూ పిలిచినారు. వాడు లేకుండా ఏం చూసేది?" నన్ను సమాధి పక్కకు నడిపిస్తూ, "ఇట్లా రాండి. ఈడ నిలబడండి. ఆ బనీను ఇప్పి పిండండి," అన్నాడు.

"ఈడనా తాతా?"

"ఈడనే. సమాధి మీద నీళ్ళు చల్లేది మా పద్ధతే. దినమూ కుళాయి నీళ్ళు చల్లుతాండా. చెరువు నీళ్ళు తెచ్చేకి నాకు కాళ్ళు రాలేదు."

ఫాతెహా ప్రార్థన చదవడానికి వచ్చిన మసీదు హజరత్తు మర్యాదగా బురుజు వైపు తిరిగాడు. నా పొట్టను అంతమంది ఒక్కసారిగా చూడటం అదే మొదలు. బనీను పిండాను. ఎర్రనీళ్ళు మస్తాను మీది మట్టిలో పడి ఇంకిపోయాయి. "ఇంకా ఉండాయి సార్, గట్టిగా పిండండి," అన్నాడాయన. హెల్మెట్టు లోపలి మెత్తలు పిండాను. సాక్సులు కూడా పిండబోతే వద్దన్నాడు. పిండుతూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు.

చివరికి కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"వాలులో బ్రేకు పట్టలేదా సార్?"

"లేదు తాతా."

"వాడూ పట్టేటోడు కాదు," అన్నాడు.

కాబట్టి, ఇప్పటికీ మలుపు తిరిగితే చెరువుమట్టి రాల్చే నా సైకిలు సాక్షిగా, దాన్ని చూసి మొరిగే మా వీధి కుక్క సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా చెరువు అని నోరు తెరిస్తే మాట పూర్తయ్యేదాకా వింటాను. నీళ్ళను తిట్టను. నల్లబురుజు వాలును ఈ జన్మలో బ్రేకు పట్టకుండా దిగను.

మరుసటి ఎండాకాలానికే చెరువు ఎండిపోయింది. స్తంభం బయటపడింది, మేకలు తిరిగొచ్చాయి, మా దారి మళ్ళీ తేలింది. ఆదివారాలు నేనొక్కణ్ణే పోతున్నాను. రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని వాలు దిగుతుంటే, గుట్ట మీది గొర్రెలకాపరి వింతగా చూస్తాడు.

"చుక్క నీళ్ళు లేవు కదప్పా, ఇంక బ్రేకు ఇడిచిపెట్టు," అంటాడు.

నేను ఆగి, ఆయన మాట పూర్తిగా వింటాను. విన్నాక కూడా విడిచిపెట్టను.