ముందు వినే ప్రొఫెసరమ్మ

వైద్య చరిత్ర చదివిన ఆ ప్రొఫెసరమ్మ ఎక్కడ మాట్లాడినా, ముందు రవిక చేయి పైకి మడిచి తన మశూచి టీకా మచ్చ చూపేది. తమిళనాడు కోవిల్‌పట్టిలో మా అగ్గిపెట్టెల కంపెనీకి టీకాల గురించి చెప్పడానికి వచ్చినప్పుడూ అంతే.

"ఈ సూదికి బయపడి మా అవ్వ నన్నెత్తుకోని జొన్న చేన్లో దాక్కునిందంట" అంది.

మశూచి ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేసిన సంగతీ, టీకాలవాళ్లు తలుపులు తోసుకొచ్చి బలవంతంగా పొడిచిన సంగతీ దాచకుండా చెప్పింది.

బిడ్డకు తట్టు టీకా వద్దని మొండికేసిన నా తోడికోడలు మెల్లగా అడిగింది: "అట్లయితే బయపడేది తప్పు కాదంటారా, మేడం?"

"తప్పెందుకమ్మా? నీ బయమేందో చెప్పు, వింటా."

అన్నాల వేళంతా ఆమె వింటూనే ఉంది. చివరికి నా తోడికోడలు "ఆసుపత్రికి మీరూ వస్తారా?" అంది. తాను ఎక్కాల్సిన విరుదునగర్ బస్సు వదులుకుని ఆమె మాతో నడిచింది. సూది పడి బిడ్డ కేరుమంటే, తల్లికంటే ముందు ఆమే కళ్లు తుడుచుకుంది.