కాడి ముక్కకు నాలుగో పుల్ల

మా ఇంట్లో అద్దం పక్కన మూరెడు పొడవున్న కర్ర ముక్క ఒకటి గోడకు వేలాడుతుంటుంది. దానికి నాలుగు పుల్లలు. దండలు చిక్కుపడకుండా వాటికి తగిలిస్తాను. ఇంటికొచ్చినవాళ్ళు "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. కొనలేదు. మా అమ్మ చేసింది. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో, విరిగిన ఎడ్ల కాడితో చేసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. పోలీసు చర్యకు ముందటి గడబిడ రోజులు. పెన్‌పహాడ్ దిక్కున్న మా ఊళ్ళో ఇళ్ళ మీద పడి దోచుకుపోయేవాళ్ళు. మా ఇంటి మీదా పడ్డారు. సందూక పెట్టెతో సహా బట్టలూ గిన్నెలూ పోయాయి. అమ్మ నగలు గోలెంలో పొట్టు కింద దాచింది కాబట్టి అవి మిగిలాయి. నగలంటే పెద్ద నగలేం కావు. ఒక సన్నటి గుండ్ల పేరు, నాయనమ్మ ఇచ్చిన వెండి గొలుసు, ఒక పూసల దండ. వాటిని పాత చీర పేలికలో మూటగట్టుకుని నలుగురం సూర్యాపేట వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాం. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను.

నాయన బండి తోలేవాడు. ఒకరోజు వడ్ల బస్తాలు వేసుకుని, కోదాడ బండాయన ఒకాయనతో కలిసి మిర్యాలగూడకు బయల్దేరాడు. అమ్మ బండి దాకా వచ్చి, నాయనమ్మకు వినపడకుండా, "ఈసారి గూడ ఉత్త చేతులతోనే వస్తరా?" అంది. నాయన నవ్వి, "ఎర్రపూసల పేరు తెస్త. నీ మెడకు మంచిగుంటది" అన్నాడు. బండి చక్రం పక్కన నిలబడ్డ నాకు ఆ మాట వినపడింది.

ఆ తర్వాత దారులు బందయ్యాయి. నెలలు గడిచినా నాయన రాలేదు. అడిగితే కొందరు చూశామనేవాళ్ళు, ఇంకొందరు నాయన బండి ఆ దిక్కుకే రాలేదనేవాళ్ళు. అమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. రోజూ మూట విప్పడం, చిక్కుపడ్డ దండలు విడదీయడం, మళ్ళీ మూట కట్టడం. ఆ పని ఉంటే ఏడవకుండా ఉండగలిగేది.

ఒక మధ్యాహ్నం అట్లా ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీస్తుంటే, గుండ్ల పేరు కొక్కెం ఆమె మెడలోని పుస్తెలతాడుకు పట్టుకుంది. పసుపు రాసీ రాసీ నానిన పాత నూలుతాడు. గుంజగానే పుస్తెలు ఒళ్ళో పడ్డాయి.

"అమ్మా, తెగింది!" అని అరిచాను.

నాయనమ్మ ఉరికొచ్చి నా నోరు మూసింది. "తెగిందనొద్దు పిల్లా! పెరిగిందనాలె. పుస్తెలతాడు ఎన్నడన్న తెగుతదా? పెరుగుతది."

వెంటనే పసుపు కొమ్ము ఒకటి దారానికి కట్టి అమ్మ మెడలో వేసింది. కొత్త తాడుకు పుస్తెలు ఎక్కించేదాకా ముత్తైదువ మెడ బోసిగా ఉండకూడదు. 'పెరిగింది' అన్న మాట కూడా ముత్తైదువ మెడకే. నాయన ఎక్కడున్నాడో తెలియని ఇంట్లో మాకందరికీ అప్పుడు చచ్చేంత భయం వేసింది.

"ఇగ ఈ మూట వద్దు" అంది అమ్మ.

నాయన బాగుచేద్దామని ఉంచిన విరిగిన కాడి గోడకు ఆనించి ఉంది. పక్కింటి వడ్రంగిని రంపం అడిగి తెచ్చి అమ్మ దాన్ని మూరెడు కోసింది. ఎడ్ల మెడలు జారిపోకుండా పుల్లలు గుచ్చే తూట్లు రెండు దానికి ముందే ఉన్నాయి. ఇనుప చువ్వ పొయ్యిలో ఎర్రగా కాల్చి ఇంకో రెండు పొడిచింది. గరుకు పోయేదాకా ఇటుక ముక్కతో రుద్ది, ఆముదం పట్టించింది. తుమ్మకొమ్మ చెక్కి పుల్లలు చేసింది. మొదట తిన్నగా గుచ్చితే దండలు జారి కింద పడ్డాయి. పుల్లల అడుగున గుడ్డ పీలికలు కుక్కి, మొనలు కాస్త పైకి లేచేట్టు చేసింది. ఆ తర్వాత జారలేదు. ఎన్నో రోజుల తర్వాత ఆమె ముఖంలో తృప్తి చూశాను.

సాయంత్రం నాయనమ్మ వచ్చి చూసింది. మూడు పుల్లలకు మూడు దండలు. నాలుగోది ఖాళీ.

"గిది దేనికి?"

అమ్మ తల దించుకుంది. నాయనమ్మ చూపు నెమ్మదిగా అమ్మ మెడలోని కొత్త తాడు మీదికి పోయింది.

"నా కొడుకు పానంతోని ఉండంగనే పుస్తెలకు పుల్ల జేస్తివా?" అని, ఆ పుల్ల పీకి పట్టుకుపోయింది.

అమ్మ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ మొగుణ్ణి పూసలడిగానని అత్తతో చెప్పే నోరు ఆ కాలం కోడలికి ఎక్కడిది? నేను చెప్పబోతే కళ్ళతోనే ఆపింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడుకునేవాళ్ళు.

మిలిటరీ వచ్చి దారులు తెరుచుకున్నాక ఒక పొద్దున కోదాడ బండాయన వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు.

"ఎట్టా చెప్పాలో తెలవట్లేదు పెద్దమ్మా. మిర్యాలగూడెంలోనే జరం తగిలింది. తిరిగొద్దామంటే దారి లేదు. దవాఖానకు తీసకపోయేలోపే పోయాడు. వాడపల్లి కాడ ఏటి ఒడ్డున కాల్చాం. నేను కృష్ణ దాటి అవతలికి పోయి, ఇప్పటిదాకా రాలేకపోయా." రుమాలు ముడి విప్పాడు. "ఇది చెల్లెమ్మకు ఇయ్యమన్నాడు."

ఎర్రపూసల పేరు.

అమ్మ కదల్లేదు. నాయనమ్మే అందుకుంది. దాన్ని చూసి, కాడి ముక్క మీది ఖాళీ తూటు వైపు తిరిగింది. తర్వాత లోపలికి వచ్చి చూరులో చెయ్యి పెట్టి ఆ నాలుగో పుల్ల తీసింది. ఎప్పుడో పొయ్యిలో వేసి ఉంటుందనుకున్నాం. దాన్ని తూటులో గుచ్చి, పూసల పేరు తగిలించింది.

"వీటికా బిడ్డా నువ్వు ఉంచుకున్నది? ఒక్క మాట చెప్పకపోతివి."

అప్పుడు అమ్మ ఏడ్చింది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, నాయన ఇక రాడని నాకు అర్థమయింది.

పుస్తెలు తీసే రోజు కూడా వచ్చింది. తీసినవి నాయనమ్మ ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. కాడి ముక్క మీదికి మాత్రం రాలేదు. ఎర్రపూసలు అమ్మ ఒక్కసారీ వేసుకోలేదు, వేసుకోనిచ్చే లోకమూ కాదు. రోజూ కొంగుతో తుడిచి మళ్ళీ నాలుగో పుల్లకే తగిలించేది.

నాయనమ్మ పోయిన చాలా ఏళ్ళకు, ఒకరోజు గోడ దులుపుతుంటే నా చెయ్యి తగిలి ఆ పేరు దారం పుటుక్కుమంది. పూసలు గదంతా దొర్లాయి.

"అయ్యో, తెగిందమ్మా" అన్నాను.

అమ్మ కింద కూర్చుని ఒక్కో పూసా ఏరుతోంది. తల ఎత్తలేదు.

"తెగిందనకు బిడ్డా" అంది. "పెరిగిందను."

నేను లోపలికి వెళ్ళి, కొత్త దారానికి పసుపు రాసి తెచ్చి ఇచ్చాను.