ఆర్విల్లా కుర్చీ దిగలేదు

మా ఏట్లో మలుగు పిల్లలు, అదే పాముల్లాంటి చేపల పిల్లలు, బాగా పడ్డ ఏడాది మనిషి కొత్త ట్రక్కు కొంటాడు. చూడబోతే సేమియా పోగులంత ఉంటాయి, వంటికి రంగు లేదు, రెండు నల్ల చుక్కల కళ్లు తప్ప. అయినా వాటి ధర అలాంటిది. అందుకే ఇక్కడ మెయిన్ రాష్ట్రంలో వాటిని పట్టే లైసెన్సు, సర్కారు తీసే చీటీల్లో పేరొస్తేనే ఇస్తారు. ఆర్విల్లా క్రౌలీ పేరు ఏళ్ల తరబడి ఆ చీటీల్లోనే ముసలిదైంది. చివరికి తుంటికి ఆపరేషనైన చలికాలంలో వచ్చింది.

"దేవుడు నడుం విరిచి చేతికి వలిచ్చాడు," అంది ఆవిడ.

సీజను మొదటి రోజు మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ సైరన్ మోగేదాకా ఎవడూ వల తడపకూడదు. అది సర్కారు చట్టం. వంతెన మీద ఆఫీసరు కాపలా. ఎవరి చోటు ఎవరిదన్నది మాత్రం మా చట్టం. సైరన్ మోగినప్పుడు ఎవరు కూర్చునుంటే చోటు వాళ్లది. లేచావా, పోయిందే. ఆమధ్య డెల్మాంట్ లుక్ తన టోపీ, వానకోటు తొడిగి గడ్డిబొమ్మని కూర్చోబెట్టాడు. జనం దానికి గుడ్ మార్నింగ్ చెప్పారు. ఒకాయన డోనట్ కూడా ఇవ్వబోయాడు. అప్పట్నుంచి, కూర్చున్నదానికి ఊపిరుండాలన్న మాట కలిపాం.

వంతెన కింది మలుపులో సముద్రం పోటుకి మలుగు పిల్లలు గట్టునంటుకునే పైకి పాకుతాయి. ఆర్విల్లా కోడి కూయకముందే అక్కడ కుర్చీ వేసుకుని, నేలదాకా జారే బొంత కప్పుకుని కూర్చుంది. ఈ ఏడు ఆ చోటు పోతే మళ్లీ చీటీ ఎప్పుడొస్తుందో, అప్పటికి తనుంటుందో లేదో.

పక్క చోట్లో దిగింది డెల్మాంటే. ఆవిడ మొగుడి మేనల్లుడు. వాడి కన్ను మలుపు మీదే. రెండు పెద్ద ఫ్లాస్కులతో వచ్చాడు.

"అత్తయ్యా, చలిగా లేదూ? కాఫీ తాగు."

"ఏరా, నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"పుట్టింది లేవే, తాగు."

ఆవిడ తాగింది. ఇంకో కప్పు, తాగింది. చేపల సూపు తెచ్చాడు, గిన్నె తుడిచింది. అనుమానం రాకూడదని వాడూ ప్రతిసారీ కప్పు నింపుకున్నాడు. గట్టు పొడుగునా అందరం ఆవిడ మొహమే చూస్తున్నాం. ఆవిడేమో ఊలు అల్లుకుంటోంది.

"అత్తయ్యా, అటు ఇటు తిరగాలనిపించట్లేదా?"

"తుంటి కదా నాయనా. కూర్చుంటేనే సుఖం."

"ఏరు చూడవే, ఎంత చక్కగా పారుతోందో... జలజలా..."

"నిజమే. నీ కాలెందుకురా అలా వణుకుతోంది?"

డెల్మాంట్ మోకాళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. మొహం ఉడికించిన పీతలా ఎర్రబడింది. ఆవిడ తీరిగ్గా కప్పు చాపింది.

"ఇంకాస్త పొయ్యి. నువ్వూ తాగు, ఒక్కదాన్నే తాగితే బావుండదు."

పోశాడు. ఆ ధార చప్పుడు వినగానే ఫ్లాస్కు అక్కడే పడేసి, గట్టెక్కి, మంచులో జారుతూ పొదల్లోకి పరుగు తీశాడు. చోటు దొరక్క వెనకాల నిలబడ్డ మెర్ల్ చల్లగా తన బకెట్టు తెచ్చి వాడి చోట్లో బోర్లించి కూర్చున్నాడు. అప్పుడే సైరన్ మోగింది. పొదల్లోంచి "అయ్యో, ఆగండ్రా!" అని కేక. సైరనాగుతుందా?

వాడు ప్యాంటు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆర్విల్లా కర్ర ఊతంతో లేచి గరాటు వల దింపుతోంది.

"అంత కాఫీ ఎక్కడికి పోయిందే?" ఏడుపొక్కటే తక్కువ వాడికి.

"ఎక్కడికీ పోలేదు. కాస్త నా కుర్చీ ట్రక్కులో పెట్టరా. వంచకు. నువ్విచ్చిందంతా అందులోనే ఉంది."

వాడు బొంత ఎత్తాడు. ఆసుపత్రి వాళ్లు తుంటి రోగులకిచ్చే కుర్చీ. సీటు మధ్యలో కన్నం, కన్నం కింద మూతున్న డబ్బా.

వంతెన మీది ఆఫీసరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. డెల్మాంట్ రెండు చేతులా కుర్చీ పట్టుకుని, నిండు బిందె మోసే కొత్త కోడల్లా అడుగులో అడుగేసుకుంటూ గట్టెక్కాడు.

ఆ సీజనంతా వాడు చేపల ఫ్యాక్టరీ మురుగు కాలవ పక్కన వలేశాడు. ఈ మధ్య మాత్రం తుంటి పట్టేసిందంటూ ఆసుపత్రి చుట్టూ కుంటుతున్నాడు. ఒకరోజు ఎడమకాలు, ఒకరోజు కుడికాలు.