ప్లగ్గులకు వేసిన కొసరు

మా ఇంట్లో మీటరంటే నూరు సెంటీమీటర్లు కాదు, నూట మూడు. మట్టెవాడలోని మా బట్టల దుకాణం తాత పెట్టింది. ఇనుప కడ్డీతో గుడ్డ కొలిచాక, కత్తెర పెట్టేముందు రెండు వేళ్ల మేర ఇంకాస్త ముందుకు జరపాలని తాత నాన్నకు నేర్పాడు, నాన్న నాకు నేర్పాడు. ఆ రెండు వేళ్లే కొసరు. కొలిచినంతే కత్తిరించేవాణ్ని మా నాన్న మనిషి కిందే జమకట్టేవాడు కాదు. ఈ అలవాటు నా చేతికి ఎంతగా పట్టిందంటే, ఇంట్లో నేను చాయ్ పోస్తే సాసర్ కూడా నిండుతుంది. ఆ చేతితోనే నేను కారు ఇంజన్ జోలికి పోయాను.

కారు నలభై ఏడో ఏట కొన్నాను. ఒకరు వాడిందే, ఎర్రది. వేగంగా పోయే కారొకటి నాకంటూ ఉండాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు. లంగా గుడ్డలు చింపేవాడికి వేగంతో ఏం పని అని నాకే సిగ్గుగా ఉండేది. చూడటానికి అది మామూలు చిన్న కారే, కానీ లోపల టర్బో ఇంజన్. అంటే గాలిని బలవంతంగా లోపలికి కుక్కి పరుగు పెంచే రకం. పెడల్ నొక్కితే వీపు సీటుకు అతుక్కుంటుంది. మట్టెవాడ సందుల్లో ఆటోలు, మేకలు, గుడ్డ మూటల తోపుడు బండ్ల మధ్య నొక్కే వీలెక్కడిది? అయినా నొక్కితే పోతుందన్న ధీమా ఉంది చూశారూ, అది నడుముకు కట్టుకున్న బంగారు మొలతాడు లాంటిది. ఎవరికీ కనపడదు, మనకు తెలుస్తుంది.

ఆ ధీమా మూడు నెలలే. తర్వాత వేగం అందుకునే సమయానికి కారు తుమ్మడం మొదలుపెట్టింది. ఒకనాడు హన్మకొండ చౌరస్తా నడిమధ్యలో తుమ్మి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు కొడుతుంటే నా భార్య పట్టుచీరతో దిగి వెనక నుంచి తోసింది. పెళ్లికి పోతున్నాం మరి. ఇంటికి వచ్చి చీర మడత పెడుతూ తీర్పు చెప్పింది.

"మల్ల ఒక్కసారి దారిల ఆగిందంటే మరిపెడ బావకు ఇచ్చేద్దాం. ఆయన ఎప్పటి సంది అడుగుతనే ఉన్నడు."

మరిపెడ బావంటే ఆమె అక్క భర్త, నా తోడల్లుడు. నా కారు చుట్టూ ప్రదక్షిణ చేయకుండా మా ఇంట్లో ఏనాడూ మంచినీళ్లు కూడా తాగలేదు.

"సరే. ఆగితే మీ అక్క ముందటనే నా చేతులతోని తాళం ఇస్తా" అన్నాను. సరే అంటే సరిపోయేది. అక్క ముందట అనడం, చేతులతో అనడం కొసరు.

నా భార్యది జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం మీద పోగు ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. ఆమె మాట కూడా అంతే. ఆరింటికి బయలుదేరుదాం అంటే ఆరింటికి గడప బయట చెప్పులేసుకుని నిలబడి ఉంటుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె ఒక మాట పెంచి చెప్పగా నేను వినలేదు. వంట బాగుందా అంటే ఉప్పు తక్కువ అంటుంది, తాను వండినా సరే. కాబట్టి కారు ఆగితే పోయినట్టేనని నాకు తెలుసు. ఆ వారమంతా అన్నం సయించలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కారంటే నాకు ప్రాణం.

స్పార్క్ ప్లగ్గులు అరిగాయని తేలింది. ఇంజన్‌లో పెట్రోలుకు నిప్పు పెట్టే వేలెడంత వస్తువు అది. దాని కొసన వంగిన చిన్న కొక్కెం, దాని కింద సన్నని సందు ఉంటాయి. ఆ సందులో నిప్పురవ్వ దూకితేనే కారు కదులుతుంది. నా కారుకు అలాంటివి నాలుగు కావాలి. ఏవి కొనాలో ఊరంతా అడిగాను.

ఫోన్‌లో కార్ల పిచ్చివాళ్ల గ్రూపొకటి ఉంది. అందులో పిల్లలు, "అంకుల్, రేసు కార్లకు వేసే కోల్డ్ ప్లగ్గులు వెయ్యండి" అన్నారు. స్పేర్ పార్టుల దుకాణమాయన ముందుగా గాజు అల్మారాలోంచి అన్నిటికన్నా ఖరీదైనవి తీసి మఖ్మల్ గుడ్డ మీద పెట్టాడు. పట్టుచీరలు చూపేటప్పుడు నేను చేసే పనే అది. మొదట కళ్లు తిరిగేది చూపిస్తే, తర్వాత చూపేది చవకగా కనిపిస్తుంది. ఆ కిటుకు తెలిసి కూడా దాంట్లోనే పడి, రెండోసారి చూపిన రేసు ప్లగ్గులు పట్టుకొచ్చాను.

అవి వేడిని తొందరగా వదిలేసే రకమట. గంటల తరబడి కారును తరిమేవాళ్లకు పనికొస్తాయి. నా కారేమో పొద్దున దుకాణానికి, మాపు ఇంటికి, రెండో గేరు దాటదు. ప్లగ్గులు వేడెక్కక, వాటి మీద పడ్డ మసి కాలక, వారం తిరిగేసరికి కట్టెల పొయ్యి మీది అన్నం గంజు అడుగులా నల్లబడ్డాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అంతకుముందు వేగంలోనే తుమ్మే కారు ఇప్పుడు నిలబడి కూడా తుమ్మసాగింది.

చివరికి మా దుకాణం వీధి చివర షెడ్డులో ఉండే ముసలి మెకానిక్ దగ్గరికి పోయాను. మొదటే పోవాల్సింది. పోతే సలహా ఒక్కటే దొరుకుతుందని పోలేదు.

"సేటు, మీ దుకాణంల ఎవరి కొలతకు వాళ్లకే రైక గుడ్డ చింపుతరు గద. ఇంజన్‌కు గూడ దాని కొలత దానికుంటది" అంటూ కంపెనీ పుస్తకం తెరిచి అందులో ఉన్న నంబరు ప్లగ్గులే తెప్పించాడు. నాలాంటి వాళ్లు వాడే మామూలివే. ఒక్కో ప్లగ్గు సందులో సన్నని కొలత రేకు పెట్టి చూశాడు. "పాయింట్ ఏడు మిల్లీమీటర్. టర్బోకు ఇంతే ఉండాలె. జర గూడ ముట్టకుండ్రి. నేనే బిగిస్త, రేపు రాండ్రి."

నేను వింటానా? రేసు కారు యజమాని తన చేత్తో తానే బిగించుకోవాలని పట్టుబట్టి ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో దుకాణంలో ఆగి, గల్లా పక్కన పరిచి, నేనూ కొనుక్కున్న అలాంటి పాయింట్ ఏడు కొలత రేకును ఆ సందులో దూర్చాను. గీసుకుంటూ దూరింది. ప్రాణం చివుక్కుమంది. ఇంత బిగువుగా ఇచ్చాడేమిటి, పాపం నిప్పురవ్వకు కాళ్లు చాపుకునే చోటైనా లేదే అనిపించింది. నాలుగు కొక్కేలనూ తలా కాస్త పైకి వంచాను. పాయింట్ తొమ్మిదయ్యాయి. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి మరిపెడ బయలుదేరాం. తోడల్లుడింట్లో మనవరాలికి పుట్టువెంట్రుకలు. నా భార్య ఒడిలో స్టీలు టిఫిన్, నా ముఖంలో పెళ్లికళ. ఊరు దాటేదాకా కారు వెన్నలా పోయింది. పెద్ద రోడ్డెక్కాక ముందు మిర్చి బస్తాల లారీ వచ్చింది. దాన్ని దాటుదామని నొక్కాను.

కారు తుమ్మింది. మళ్లీ నొక్కాను. వరసపెట్టి నాలుగు తుమ్ములు. లారీ క్లీనర్ కిటికీలోంచి జాలిగా చూశాడు. రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు కారు చచ్చుబడి ఆగింది.

నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. ఏడుపొకటే తక్కువ.

"ఏం జేసినవ్?" అంది నా భార్య.

"ఏం జేయలే."

"నీ చెయ్యి నాకెర్కలేదా. ఏం జేసినవో చెప్పు."

చెప్పాను. పాయింట్ ఏడు, పాయింట్ తొమ్మిది, రెండు వేళ్లు, నాన్న, అన్నీ. మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన ముందు ఉర్దూలో ఏదో అన్నాడు. తర్వాత, టర్బో గాలి దబాయించి వచ్చినప్పుడు వెడల్పు సందులో నిప్పు నిలవదు, ఆరిపోతదని చెప్పాడు. "ఇంజన్ సల్లబడ్డంక తీయిండ్రి. ఉడుకు మీద తీస్తే మరలు కరాబైతయి."

చల్లబడేదాకా హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ తాగాం. నేను తాళం వైపు చూసుకుంటూ, దాన్ని తోడల్లుడు ఏ వేలికి తిప్పుకుంటాడో ఊహించుకుంటున్నాను.

తర్వాత నేను డిక్కీలోని పానాతో ప్లగ్గులు విప్పి, కొలత రేకుతో సహా ఆమెకిచ్చాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, కొక్కేన్ని బల్ల అంచుకు మెల్లగా తట్టి, రేకు దూర్చి చూసి, మళ్లీ తట్టింది. రేకు గీసుకునేదాకా వదల్లేదు. నాలుగో దానికి పోగంత తేడా ఉందని నేను ఊరుకుందామంటే నా వైపు చూసింది. నేను ఇంకో చాయ్ చెప్పాను.

బిగించి తాళం తిప్పాను. రోడ్డెక్కి నొక్కాను. వీపు సీటుకు అతుక్కుంది. దారిలో టైరు పంక్చరై ఆగి అప్పుడే కదిలిన ఇందాకటి మిర్చి లారీని దాటేటప్పుడు క్లీనర్‌కు చెయ్యి కూడా ఊపాను. కానీ సంతోషం నిలవలేదు. ఆగింది ఆగిందే. మాట మాటే.

మరిపెడలో తోడల్లుడు వాకిట్లోనే ఎదురొచ్చాడు. ముందు కారును పలకరించి, తర్వాత మమ్మల్ని పలకరించాడు. పక్కనే వదినె ఉంది. అన్నమాట ప్రకారం నేను జేబులోకి చెయ్యి పెట్టాను.

"ఏం తమ్మీ, దారిల ఏడనన్న ఆగిందా?"

నా నోరు తెరుచుకునేలోపే నా భార్య టిఫిన్ అక్క చేతికిచ్చింది.

"ఆగినం బావా. చాయ్ తాగనీకి" అని లోపలికి పోయింది.

ఇరవై రెండేళ్లలో ఆమె నాకు వేసిన మొదటి కొసరు అది. జేబులో తాళాన్ని గట్టిగా పట్టుకుని, ఆమె వెనకాలే లోపలికి పోయాను.